గేరుబాక్సులో కొల్లేరు

ఫోను మోగే వేళకి సుకుమార్ కారు కింద ఉన్నాడు. పాదాలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. పెళ్ళయి నెలలు గడుస్తున్నా నిస్సీకి ఆ పాదాలను చూస్తే ఇంకా కొత్తగానే ఉంటుంది. చెప్పులు పక్కన విడిచి, మడమలు రెండూ ఆనించుకుని, క్లాసులో మొదటి బెంచీ కుర్రాడిలా బుద్ధిగా ఉన్నాయవి. ఆ పాదాలను చూసి నవ్వుకుంటూనే ఆమె సెల్‌ఫోను అందుకుంది.

"మాష్టారుగారి భార్యేనాండీ? తాడేపల్లిగూడెం నుంచి జగన్నాథాన్ని మాట్లాడుతున్నాను. మేడమీద వాటా మీకే ఇద్దామనుకుంటున్నామండీ."

సుకుమార్ తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. కాపురం మాత్రం ఏలూరులో, అత్తమామలు, ఇద్దరు ఆడపడుచులు, ఎప్పుడో పన్ను పీకించుకోవడానికి వచ్చి ఉండిపోయిన ఒక మేనమామతో కలిపి. కొత్త దంపతులకు హాల్లో ఒక మూల ఇచ్చి, దానికి పూలపూల కర్టెన్ కట్టారు. కర్టెన్‌కి ఎదురుగా టీవీ. రాత్రి ఆఖరి సీరియల్లో అత్తగారు కోడల్ని ఏడిపించడం పూర్తయ్యేదాకా కర్టెన్ లోపల వాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవారు. నిస్సీ రోజూ చేసుకునే ప్రార్థనలో ఒక్కటే కోరిక ఉండేది: ఒక తలుపు, దానికి లోపలి వైపు గడియ.

"కాకపోతే రెండు సంగతులండీ," అన్నాడు జగన్నాథం. "ఇవాళ సాయంత్రంలోగా మీరిద్దరూ రావాలి. మా ఆవిడ మిమ్మల్ని చూడాలంటోంది. రేపు ఒక బ్యాంకాయన వస్తానన్నాడు, ఆవిడకి మీరు నచ్చితే ఆయన్ని రావద్దని చెప్పేస్తాను. రెండోది, ఏమీ అనుకోకండమ్మా. ఇంట్లో నీచు వండకూడదు. వాసన కూడా రాకూడదు."

"అయ్యో, మేం అసలు ముట్టనే ముట్టమండీ," అంది నిస్సీ.

అప్పుడామె నిలబడి ఉన్నది కలిదిండిలో, చేపల చెరువులకూ రొయ్యల చెరువులకూ నడుమనున్న పుట్టింటి పెరట్లో. వెనక వంటింట్లో తల్లి హన్నమ్మ పెనం మీద చేపముక్కలు తిరగేస్తోంది.

"ఎవరే ముట్టనిది?" అని అడిగింది హన్నమ్మ లోపలి నుంచి.

నిస్సీ ఫోను పెట్టేసి, కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, భర్త పాదాలతోనే ఆ శుభవార్త చెప్పింది. "ఏవండీ, ఇల్లు ఇచ్చేస్తారంట. గడియ ఉంటుంది." పాదాలు ఆనందంతో ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి. "సాయంత్రం ఈ కార్లోనే పోదాం," అంది కారు కింద నుంచి గొంతు. "నూనె పోసేస్తే అయిపోతుంది. ఆ షెడ్డులో అరమీద డబ్బా ఉంది, అందుకో."

ఆ కారు నిస్సీ తండ్రి యోసేపుది. రెండో శనివారం సెలవని అత్తారింటికి వచ్చిన అల్లుడికి, రెండు రోజులు తిరగండి అని ఆయన తాళాలు చేతిలో పెట్టాడు. సుకుమార్ ఏ వస్తువునైనా దానితో వచ్చిన పుస్తకం చదవకుండా ముట్టడు. కిందటిసారి వచ్చినప్పుడే ఆ కారు పుస్తకం చదివితే, గేరుబాక్సులో నూనె మార్చాల్సిన కాలం ఎప్పుడో దాటిపోయిందని తేలింది. ఈసారి ఏలూరులో ఒక తెల్ల డబ్బాలో గేరాయిల్ పోయించుకుని తెచ్చి, ముందురోజు సాయంత్రం షెడ్డులో అరమీద పెట్టాడు. పొద్దున్నే లేచి పాత నూనె దింపేశాడు కూడా.

నిస్సీ గంతులు వేసుకుంటూ షెడ్డులోకి వెళ్ళింది. అరమీద డబ్బా ఒక్కటే ఉంది. దానిమీద పెద్ద పళ్ళచక్రం బొమ్మ, కింద గేరాయిల్ అని అక్షరాలు. ఆమె చదువుకున్న పిల్ల. రాసి ఉన్నది చదివి, తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

కలిదిండి ఇళ్ళలో ఏ డబ్బాలోనూ దానిమీద రాసి ఉన్న వస్తువు ఉండదు. బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారాలూ, పాలపొడి డబ్బాలో మెంతులు, టానిక్కు సీసాలో కిరసనాయిలు ఉంటాయి. హాస్టళ్ళలో ఉండి డిగ్రీ చదివినందువల్ల నిస్సీ ఆ సంగతి మరిచిపోయింది. పళ్ళచక్రం బొమ్మ డబ్బాలో యోసేపు ఏళ్ళ తరబడి చేపనూనె పోసి ఉంచుతున్నాడు. రొయ్యలకు వేసే మేతకు ఆ నూనె పట్టిస్తే అవి ఎగబడి తింటాయి. సుకుమార్ కారు కింద చీకట్లో డబ్బా రంగు చూడకుండానే గొట్టం పెట్టి ఆ నూనెను గేరుబాక్సులోకి జాగ్రత్తగా, ఒక్క చుక్క కింద పడకుండా పోసి, మూతగా ఉన్న మరను గట్టిగా బిగించి బయటికి వచ్చాడు. వాసన రాలేదా అంటే వచ్చింది. అయితే ఆ షెడ్డులో మేత బస్తాలు ఉన్నాయి, వలలు ఉన్నాయి, గోడ అవతల చెరువు ఉంది. వాసన లేకపోతే అనుమానించాలి గాని, ఉంటే ఎవరు అనుమానిస్తారు?

నిస్సీ తలంటి పోసుకుంది. సాంబ్రాణి వేసుకుంది. పసుపుపచ్చ చీర కట్టుకుంది. భోజనాల దగ్గర చేపముక్కల వైపు చూడకుండా ఆవకాయా పెరుగన్నం తిని లేచింది.

"అత్తారింట్లో చేపలు మానిపించారా ఏంటే నిన్ను?" అంది హన్నమ్మ, చిన్నబోయి.

"ఇవాళ్టికి వద్దమ్మా. ఒంట్లోంచి కూడా వాసన రాకూడదు."

"ఒంట్లోంచి వస్తదా?" అని హన్నమ్మ అనుమానంగా తన చెయ్యి తనే వాసన చూసుకుంది. ఏమీ తెలియలేదు.

*

కైకలూరు దాటేదాకా అంతా బాగానే ఉంది. తరవాత కారు అడుగునుంచి సన్నగా, గుయ్యిమని, దోమ పాడినట్టు ఒక రాగం మొదలైంది. నిస్సీకి మొదట అది కూడా ముచ్చటగానే తోచింది.

"కొత్త నూనె కదా," అన్నాడు సుకుమార్. "పళ్ళకి పట్టడానికి కాస్త టైము పడుతుంది. ఫ్రిక్షన్ తగ్గాక దానంతటదే ఆగిపోతుంది."

అది ఆగలేదు. ఆకివీడు వచ్చేసరికి దోమ తుమ్మెదైంది, తుమ్మెద ఖాళీ గ్రైండరైంది. మూడో గేరు వేసినప్పుడల్లా రోడ్డు పక్కన నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి, లారీ అనుకుని పక్కకి తప్పుకుని, వచ్చింది కారని చూసి ఆశ్చర్యపోతున్నారు. సుకుమార్ మాట్లాడటం మానేశాడు. భర్త మౌనంగా ఉంటే భయపడాలని నిస్సీకి ఈ మూడు నెలల్లో అర్థమైంది. ఎందుకంటే అతను తెలిసిన విషయాన్ని ఎప్పుడూ మనసులో దాచుకోడు.

ఆకివీడు సెంటరు దాటాక జోగారావు షెడ్డు. చుట్టుపక్కల కార్లన్నింటికీ అతనే వైద్యుడు. పక్కనే ఐసు కొట్టి, డబ్బాల్లో చేపలు పేర్చి, లారీలకు ఎక్కిస్తున్నారు. జోగారావు కారు కింద దూరి, ఇంజను ఆన్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన గేరుబాక్సుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నిస్సీ కూడా ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకుంది.

"ఏడుస్తుందండీ," అన్నాడు చివరికి. "ఈమధ్య ఏవన్నా చేయించారా?"

"నూనె మార్చాను. నేనే మార్చాను," అన్నాడు సుకుమార్, రెండో వాక్యంలో గర్వాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక.

జోగారావు పక్కనున్న మర విప్పి, వేలు లోపల ముంచి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెనక లారీలోకి చేపల డబ్బాలు దబ్బుదబ్బుమని పడుతున్నాయి. అతను ఇంకోసారి వాసన చూశాడు. "వాసన మామూలుగానే ఉందండీ. నూనెలో తేడా లేదు. బేరింగు పోయింది. బాక్సు దింపాలి."

"ఎంతసేపు?"

"సోమవారానికి ఇచ్చేస్తానండీ."

"సాయంత్రంలోగా మేం గూడెంలో ఉండాలి జోగారావు గారూ," అంది నిస్సీ. అతను చేతులు తుడుచుకోవడం ఆపాడు.

"ఉండాలంటే మెల్లిగా పోండమ్మా. మూడో గేరు మాత్రం ముట్టుకోకండి. రెండు, నాలుగు వాడుకోండి. వచ్చేప్పుడు బండి నా దగ్గర పెట్టేయండి." ఎలాగూ మళ్ళీ విప్పాల్సిందే కదా అని, మరను రెంచీతో కాకుండా చేత్తోనే బిగించి పంపించాడు.

ఊరు దాటారో లేదో ఫోను మోగింది. హన్నమ్మ. తల్లి ఎప్పుడూ మిస్డ్ కాలే ఇస్తుంది. ఒకసారి మోగిస్తే క్షేమం, రెండుసార్లయితే నువ్వు చెయ్యి అని వాళ్ళ లెక్క. మోగుతూనే ఉందంటే ఏదో మునిగిందన్నమాట.

"మీ నాన్న గట్టుమీద కూలబడ్డాడే. రొయ్యలు మేత ముట్టట్లేదు. ట్రే పైకి తీస్తే వేసింది వేసినట్టే ఉంది. నాలుగు ట్రేలూ అంతే. తెల్లమచ్చ జబ్బేమోనంట. రొయ్యల్ని పట్టుకుని కైకలూరు ల్యాబుకి పోవాలి, కారు తెచ్చెయ్యమంటున్నాడు."

నిస్సీ భర్త వైపు చూసింది. భర్త గేరురాడ్డు వైపు చూస్తున్నాడు. వెనక్కి తిరిగితే ఇల్లు బ్యాంకాయనకి. ముందుకి పోతే చెరువు దగ్గర తండ్రి ఒంటరిగా. "రాత్రికి వచ్చేస్తామమ్మా. ఇల్లు చూసి వచ్చేస్తాం," అంది, తనకే నచ్చని గొంతుతో.

*

పెంటపాడు దగ్గర కారు వేడెక్కిన వాసన వస్తోందని కాలవగట్టున ఆపారు. ఎటు చూసినా వరిచేలు. ఎండ తగ్గి చల్లగాలి వీస్తోంది. టీకొట్టు వెనకనుంచి ఒక పిల్లి వచ్చి కారు కింద కూర్చుంది. దాని వెనకే ఇంకోటి. తరవాత తల్లీ పిల్లలూ కలిసి ఒక సంసారం.

"ఏవండీ, చూడండి, ఎంత ముద్దుగా ఉన్నాయో," అంది నిస్సీ. ఇంత గాభరాలోనూ ఆమె ముఖం విచ్చుకుంది. ఆ మరుక్షణమే మాడిపోయింది. పిల్లులు ఊరికే రావు. ఆమె వంగి చూసింది. పిల్లులన్నీ ముఖాలు పైకెత్తి, నాలుకలు చాపి, కారు కడుపునుంచి ఏదో ప్రసాదం రాలుతుందన్నట్టు ఎదురుచూస్తున్నాయి. ఆమె ముక్కుకి కూడా ఏదో తగిలింది. తను పుట్టి పెరిగిన వాసన.

పరుగున వెళ్ళి డిక్కీ తెరిచింది. గోనెపట్టా కింద స్టీలు క్యారేజీ. మూత తీస్తే, ఎర్రగా మెరుస్తూ కొరమీను పులుసు.

"అమ్మ," అంది నిస్సీ.

"అత్తయ్యగారు పాపం ప్రేమతోనే పెట్టారు," అన్నాడు సుకుమార్, క్యారేజీలోకి ఆశగా చూస్తూ. "భోజనంలో నాకు వేయించిన ముక్కలే పెట్టారు. ఇది వేరే దాచారన్నమాట."

"మీకు ఇల్లు కావాలా, పులుసు కావాలా?"

సుకుమార్ ఒక్క క్షణం ఎక్కువ ఆలోచించాడు. ఆ క్షణాన్ని నిస్సీ గుర్తు పెట్టుకుంది. తరవాత ఆమే క్యారేజీ అంతా కాలవగట్టున అరిటాకు ముక్కలో ఒంపి, పిల్లులను పిలిచింది. ఒక పిల్లి వచ్చి, వాసన చూసి, మర్యాదగా వెనక్కి వెళ్ళి మళ్ళీ కారు కిందే కూర్చుంది. తక్కినవి లేవనే లేదు. కారం ఎక్కువైందేమో అనుకుంది నిస్సీ. క్యారేజీ కాలవలో కడిగి, డిక్కీ తుడిచి, భర్త చేతులకు సబ్బు రాసి, కారు లోపలంతా అగరుబత్తి తిప్పింది. కారు కింద మట్టిలో నూనె మరక మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

బయలుదేరబోతుండగా మళ్ళీ హన్నమ్మ. ఈసారి ఏడుపుగొంతు. "మీ నాన్న వినట్లేదే. రేపు తెల్లారి పట్టుబడి పెట్టి రొయ్యలన్నీ పట్టేస్తాడంట. వేలెడు కూడా లేవే రొయ్యలు. చచ్చిపోయే లోపు వచ్చినకాడికి అమ్మేస్తానని వలలు దింపుతున్నాడు."

"రాత్రిదాకా ఆగమనమ్మా. నేనొచ్చి మాట్లాడతాను. ఆగమను."

కారు మళ్ళీ గ్రైండరులా మొదలైంది. నిస్సీ ఈసారి ప్రార్థన మార్చింది. గడియ సంగతి ఎత్తలేదు. నాన్నని వల వెయ్యనివ్వకు తండ్రీ అని మాత్రమే అడిగింది. చిట్టచివర, కుదిరితే గడియ కూడా, అని కలిపింది.

*

జగన్నాథం ఇంటి ముందు కారు ఆగేసరికి, ఆ సందులో ఉన్నవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. ఆ చప్పుడుకి ఎవరో పిండిమర తెస్తున్నారనుకున్నారట. జగన్నాథం భార్య కామాక్షి గేటు దగ్గరే నిలబడి ఉంది. సన్నగా, తెల్లగా, ముక్కుకి రెండువైపులా పుడకలతో, దేవుడి గదిలోంచి అప్పుడే వచ్చినట్టు ఉంది.

"రామ్మా. ఏ ఊరు మీది?"

"కలి..." అని నిస్సీ ఆగింది. "ఏలూరండీ. ఇప్పుడు ఏలూరు."

కామాక్షి తల ఊపి, మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గాలి పీల్చింది. "ఏదో వాసన వస్తోంది కదూ?"

"రావట్లేదండీ," అన్నారు దంపతులిద్దరూ ఒకేసారి. అంతలా కలిసి పలకడం వాళ్ళకు పెళ్ళి ప్రమాణాల రోజున కూడా కుదరలేదు.

మేడమీద రెండు గదులు, వంటిల్లు, కొబ్బరిమట్టలు తాకే కిటికీ. నిస్సీ అవేవీ చూడలేదు. పడకగది తలుపుకి లోపలివైపు ఇత్తడి గడియ ఉంది. ఆమె మెల్లిగా దాన్ని జరిపింది. వెన్నలో జరిగినట్టు జరిగింది. మళ్ళీ వెనక్కి లాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక్కడా వస్తోందమ్మా," అంది కామాక్షి, ఆమె వెనకే వచ్చి నిలబడి.

నిస్సీ ఒక అడుగు వెనక్కి వేసింది. కామాక్షి ఒక అడుగు ముందుకి వేసింది. అలా ఇద్దరూ గది ఒక చుట్టు చుట్టారు. తన జుట్టునుంచే వస్తోందా, చీరనుంచా, కలిదిండిలో పుట్టినందుకు ఎముకల్లోంచే వస్తోందా అని నిస్సీకి చెమటలు పట్టాయి. సరిగ్గా అప్పుడే కిందనుంచి జగన్నాథం పిలిచాడు. "మాష్టారూ, నన్నోసారి దుకాణం దగ్గర దింపేద్దురూ. దారిలో మాట్లాడుకుందాం." ఆయన వేలికి తాళంచెవి వేలాడుతోంది.

జగన్నాథం ముందు సీట్లో కూర్చున్నాడు. నిస్సీ వెనక సీట్లో, సుకుమార్ మెడమీద పుడుతున్న చెమట చుక్కలను చూస్తూ కూర్చుంది. రెండో గేరు. చప్పుడు. గేరురాడ్డు మొదట్లో ఉన్న తోలు తొడుగు చిరుగులోంచి వెచ్చటి గాలి పైకి వస్తోంది. జగన్నాథం ముక్కు ఒకసారి కదిలింది. కొంతసేపటికి మళ్ళీ కదిలింది. మెయిన్ రోడ్డు మలుపులో ఆయన చెయ్యెత్తాడు.

"ఆపండి మాష్టారూ."

కారు ఆగింది. నిస్సీ ఇక దాచలేకపోయింది. "తప్పు నాదేనండీ. అబద్ధం చెప్పాను. మాది కలిదిండి. మా నాన్నగారికి రొయ్యల చెరువు. మేం చేపలు తింటాం. ఇవాళ మాత్రం తినలేదండీ, ఒట్టు. మా అమ్మ పులుసు పెట్టింది, అదీ పారబోశాం. మీ ఇల్లు బ్యాంకాయనకే ఇచ్చేయండి. మేం వెళ్ళిపోతాం, రొయ్యలు మేత ముట్టట్లేదని, జబ్బేమోనని నాన్న వలలు దింపుతున్నాడు."

ఆమె చెప్పింది జగన్నాథం విన్నట్టే లేడు. కారు దిగి, పంచె పైకి దోపి, రోడ్డుమీద గొంతుక్కూర్చున్నాడు. కారు కింద పడుతున్న చుక్కను వేలితో అందుకుని, బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నుదుట కుంకుమబొట్టు పెట్టుకున్న పెద్దమనిషి అలా నీచు ముట్టుకోవడం చూసి నిస్సీ నోరు తెరిచింది.

"చేపనూనె," అన్నాడాయన. "కవళ్ళ చేపల నూనె. పాతది. ఇందులో ఎవడో వంటనూనె కలిపాడు." లేచి నిలబడ్డాడు. ముఖంలో కోపం ఉంది, అయితే అది వాసనమీద కాదు. "ఎక్కడ కొన్నారమ్మా మీ నాన్నగారు ఈ సరుకు?"

సుకుమార్ తల కిటికీలోంచి బయటికి వచ్చింది. "చేపనూనె ఏమిటండీ? అది గేరాయిల్."

"నన్నడుగుతారా మాష్టారూ?" అని జగన్నాథం రోడ్డవతలికి చూపించాడు. వరసగా నీలం డ్రమ్ములు, వాటి పైన ఆయన పేరుతోనే బోర్డు: చేపల, రొయ్యల మేతలు, నూనెలు, మందులు, టోకుగా. "గూడెం నుంచి కొల్లేరు దాకా చెరువులకి నూనె పోసేది నేనేనండీ. మీ మామగారి చెరువుకి తప్ప." ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు కాస్త గాయపడింది.

ఫోను మోగింది. హన్నమ్మే. నిస్సీ 'అమ్మా' అనగానే జగన్నాథం చెయ్యి చాపాడు. "మీ నాన్నగారికి ఇవ్వమనమ్మా." అవతల యోసేపు గొంతు బయటికి వినిపించేంత గట్టిగా ఉంది.

"పొద్దున మేతకి ఏం పట్టించారండీ?" అని అడిగాడు జగన్నాథం.

"మా అల్లుడుగారు ఏలూరు నుంచి కొత్త మందు తెచ్చారండీ, తెల్ల డబ్బాలో. చెప్పకుండా అరమీద పెట్టేశారు. అడిగితే మొహమాటపడతారని, తెల్లారగట్ల చెరువు దగ్గరికి తీసుకుపోయి మేమే పట్టించేశామండీ."

"వాసన ఎలా ఉంది?"

"చాలా ఘాటుగా ఉందండీ. కళ్ళ నీళ్ళొచ్చాయి. బాగా ఖరీదైన మందనుకున్నాం."

సుకుమార్ స్టీరింగుకి నుదురు ఆనించాడు. హారన్ మోగింది. ఎవరూ పట్టించుకోలేదు.

"మీ రొయ్యలకి ఏ జబ్బూ లేదండీ," అన్నాడు జగన్నాథం. "వాటికి బుద్ధి ఉంది, అంతే. అది గేరాయిల్. ఆ మేత తీసేసి మామూలు మేత వేసి చూడండి. వలలు పైకి తీసేయండి. నేను చెప్పానని చెప్పండి." ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "మీ నాన్న మంచివాడమ్మా. అల్లుడి మీద ఎంత గౌరవం," అన్నాడు.

కారును అక్కడే ఆయన గోడౌను వెనకున్న మెకానిక్‌కి అప్పగించారు. లోపలి నూనెంతా దింపి, కడిగి, అసలైన గేరాయిల్ పోసి, మరను బిగించి పెడతానన్నాడు. ముగ్గురూ నడిచి ఇంటిదారి పట్టారు. నిస్సీ తల వంచుకుని నడిచింది. ఒక గండం గడిచింది, ఇల్లు మాత్రం పోయిందని ఆమెకి తెలుసు.

"మీకు అబద్ధం చెప్పానండీ," అంది మళ్ళీ. ఆయన వినలేదేమోనని.

"విన్నానమ్మా," అన్నాడు జగన్నాథం. "పొద్దుట్నుంచీ ఆ డ్రమ్ముల మధ్యే ఉంటాను. సాయంత్రం పెరట్లో స్నానం చేస్తేగాని మా ఆవిడ గడప దాటనివ్వదు. ఇంట్లో కూడా అదే వాసనొస్తే ఇంకెక్కడికి పోనమ్మా నేను? అందుకే ఆ షరతు. మీరేం తింటారో నాకనవసరం. మా వంటింట్లో వండకండి, చాలు." తరవాత గొంతు తగ్గించాడు. "కామాక్షి అడిగితే ఆ వాసన నాదని చెప్తాను. మీరేం మాట్లాడకండి."

కామాక్షి గేటు దగ్గరే ఉంది. "ఇందాకటి వాసన ఏంటో కనుక్కున్నారా?"

"నాదే," అన్నాడు జగన్నాథం.

"మీరు దుకాణానికి వెళ్ళకముందే వచ్చిందే?"

"నిన్నటిది అయ్యుంటుంది."

కామాక్షి భర్తను చూసింది. సుకుమార్ వేళ్ళను చూసింది. నిస్సీ దగ్గరికి వచ్చి నిలబడింది. నిస్సీ ఈసారి వెనక్కి అడుగు వెయ్యలేదు. వేసే ఓపిక లేదు.

"ఇన్నేళ్ళుగా ఈయన చొక్కా వాసన పట్టి ఏ ఊళ్ళో చెరువు చూసొచ్చారో చెప్తున్నానమ్మా," అంది కామాక్షి. "నువ్వు 'కలి' అని ఆపక్కర్లేకపోయింది. మీరు గేట్లో అడుగు పెట్టగానే నాకు తెలుసు. ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

"ఇందాక ఆయనకి చెప్పేశానండీ. రోడ్డుమీద."

"చెప్పిందే," అన్నాడు జగన్నాథం. "గడగడా చెప్పింది."

కామాక్షి భర్త వేలినుంచి తాళంచెవి తీసుకుని నిస్సీ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "గడియ దగ్గర నీ మొహం చూశాక బ్యాంకాయనకి ఎలా ఇస్తాం? వంట సంగతి మాత్రం గుర్తుంచుకో."

నిస్సీకి ఏం చెయ్యాలో తెలియక వంగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోయింది. కామాక్షి పట్టుకుని ఆపి, అలవాటుగా ముక్కు ముడిచింది. అందరూ నవ్వారు. సుకుమార్ మాత్రం, ఫిజిక్సు ప్రకారం ఆ చప్పుడుకు అసలు కారణం నూనె చిక్కదనంలో ఉన్న తేడా అని వివరించబోయాడు. నిస్సీ చూసిన చూపుకి ఆగిపోయాడు.

ఇంతలో హన్నమ్మ ఫోను ఒక్కసారి మోగి ఆగింది. క్షేమం. రొయ్యలు మేత తింటున్నాయన్నమాట.

"ఈ రాత్రికి ఇక్కడే ఉండండి. రేపు ఎలాగూ నేను కలిదిండి పోవాలి," అన్నాడు జగన్నాథం. "మీ నాన్నగారితో మాట్లాడాలి. ఆ కల్తీ నూనె ఇంకో డబ్బా వాడనివ్వను. మీ ఆరాధన అయ్యాక అందరం కార్లో బయలుదేరదాం మాష్టారూ."

"నేనూ వస్తా," అంది కామాక్షి. "చెరువులు చెరువులు అంటూ తిరగడమే గాని, ఒక్కనాడు నన్ను తీసుకెళ్ళారా? కొల్లేరు పక్షులూ చూసినట్టుంటుంది. మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనే అని మీ అమ్మకి చెప్పమ్మా. పప్పూ చారూ చాలు. వాసన లేకుండా ఉంటే సరి."

నిస్సీ అక్కడే నిలబడి తల్లికి ఫోను చేసి, ఇల్లు వచ్చిన సంగతీ, రేపటి సంగతీ, వాసన సంగతీ వరసగా చెప్పింది. పెనం కడిగెయ్యమంది, వలలు చుట్టి లోపల పెట్టెయ్యమంది, ఎండబెట్టినవి పక్కింటికి పంపెయ్యమంది. అవతల హన్నమ్మ అంతా ఓపిగ్గా విని, చాలాసేపు ఆలోచించి అడిగింది.

"అన్నీ సరేనే. చెరువుని ఎక్కడ దాచమంటావు?"